ఎనభై ఆరు టిక్కీలు

ఏటుకూరు రోడ్డులో తుమ్ము అపశకునం కాదు.
అక్కడ గాలే తుమ్ముతుంది.
కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటరు డబ్బా మూత విప్పితే
ఫ్యాను రెక్కల మీద వేలెడు మందాన ఎర్రటి కారం.
గుమాస్తా నాగుల్ మీరా కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని
"నిన్నటిదాకా బాగానే తిరిగిందమ్మా" అన్నాడు,
చచ్చిన ఎద్దు గురించి చెప్పినట్టు.

తలుపు దగ్గర యలమంద.
ఈపూరు నుంచి తొలి బస్సుకి వచ్చాడు.
బాండు కాగితం చొక్కా జేబులో ఉండగానే
ఇంట్లో ఉతికేశారట.
"ఎనభై ఆరు టిక్కీలు, తేజ రకం" అంటాడు
అడిగినా, అడక్కపోయినా.

పాడైన డిస్కు మీద నేను చేయి చేసుకోను.
ముందు దాని అచ్చు తీస్తాను,
సెక్టారు వెనక సెక్టారు.
పలకని చోట బలవంతపెట్టను,
ముందుకెళ్ళిపోయి, చివర్లో వెనక్కొచ్చి
మళ్ళీ ఒకసారి అడుగుతాను.
రాత్రంతా పట్టింది. మూడు చోట్ల పలకనే లేదు.
ఆ అచ్చుకి ఇంకో అచ్చు తీశాను.
కోసినా కుట్టినా దాని మీదే.
యలమంద యార్డులో ఖాళీ గోతాల మీద పడుకున్నాడు.

తెల్లారి మౌంట్ కమ్మన్నాను.
ఫైల్‌సిస్టమ్ రకం తప్పంది,
లేదా నేను అడిగిన తీరు తప్పంది,
లేదా సూపర్‌బ్లాక్ చెడిందంది.
ఒకే గుక్కలో మూడు కారణాలు చెప్పే మనిషికి
అసలు కారణం తెలీదని
ఆర్టీసీ గ్యారేజీలో మా నాన్న అనేవాడు.

తప్పు నాదే.
నా దగ్గరున్నది మొత్తం డిస్కు,
నాకు కావలసింది అందులో ఒక గది.
ప్రహరీ గోడకి తాళంచెవి పెట్టి తిప్పుతున్నాను.
గేటు నుంచి గుమ్మం దాకా
రెండు వేల నలభై ఎనిమిది సెక్టార్లు,
ఒక్కోటి ఐదు వందల పన్నెండు బైట్లు.
మిర్చి తూకం చీటీ వెనక గుణించాను:
పది లక్షల నలభై ఎనిమిది వేల ఐదు వందల డెబ్బై ఆరు.
అంత దూరం నడిచి తలుపు తట్టాను.

మళ్ళీ అదే మాట.
ఈసారి అబద్ధం కాదు, సూపర్‌బ్లాక్ నిజంగానే పోయింది.
కానీ ఈ ఇల్లు కట్టినవాడెవడో ముందుచూపున్నవాడు,
దస్తావేజు నకళ్ళు ఇంట్లోనే నాలుగు మూలలా దాచాడు.
ముప్ఫై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిదో బ్లాకులో
ఒకటి చెక్కు చెదరకుండా ఉంది.
చదువుకుంటాను తప్ప రాయనని మాటిచ్చి,
జర్నల్ జోలికి పోనని చెప్పి,
మెల్లగా

తప్పని అనలేదు.
అసలేమీ అనలేదు.

లోపల చూస్తే ఖాళీ.

నాగుల్ మీరా కండువా దించాడు.
యలమంద "ఎనభై ఆరు" అన్నాడు, చిన్నగా.
నాకు నవ్వు రావడానికి అర నిమిషం పట్టింది.
మౌంట్ చేయకముందే
నేను ఆ ఫోల్డరులోకెళ్ళి కూర్చున్నాను.
ఇల్లు లేచింది గానీ
నేనింకా పాత ఖాళీ స్థలంలోనే నిలబడి
గోడలేవని వెతుకుతున్నాను.
బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళాను. అంతే.

తొమ్మిదేళ్ళ పద్దులు బిలబిలమంటూ దిగాయి.
ఈ సంవత్సరం, మార్చి, తేజ.
యలమంద: ఎనభై నాలుగు.

ఎవరూ తుమ్మలేదు.
నాగుల్ మీరా గోడ మీది క్యాలెండరు చదవడం మొదలెట్టాడు.
యలమంద వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు,
ఒకసారి, ఇంకోసారి.
తర్వాత వంగి, కింది వరుస మీద వేలు పెట్టాడు.
గోవిందమ్మ: రెండు.
"మా వదిన పేరున రాయించా. మర్చిపోయా."
కాసేపాగి,
"ఇంట్లో చెప్పకండి."

పని అయింది కదా అని అన్‌మౌంట్ చేయబోయాను.
కుదరదంది. లోపల ఎవరో ఉన్నారంది.
నిజమే, ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంది,
యలమంద వేలు గాజు మీదే ఉంది.
నాగుల్ మీరాని టీ చెప్పమన్నాను.
మూడు.